లాగిన్ అయితే హాజరు కాదు, వీడియో పెడితే పాఠం కాదు



ఈ మధ్య చాలా కాలేజీల్లో ఒక మాట వినిపిస్తోంది. "ఏజెన్సీ పిల్లలకి ఆన్‌లైన్ క్లాసుల మీద ఆసక్తి లేదు. లింకు పంపితే జాయిన్ అవ్వరు. జాయిన్ అయినా నోరు విప్పరు. అసైన్‌మెంట్ పెట్టరు." స్టాఫ్ రూముల్లో అంటున్నారు, తల్లిదండ్రుల ముందు అంటున్నారు. వినీ వినీ చివరికి మనవాళ్ళే కొందరు "మనకి ఈ ఆన్‌లైన్ చదువులు పడవులే" అనుకునే దాకా వచ్చింది. ఈ మాట తప్పు అని చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందే ఒకటి స్పష్టం చేస్తున్నాం. మేము ఆన్‌లైన్ చదువుకి వ్యతిరేకులం కాదు. డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్ళయిపోయిన అక్కకి, పొలం పనులు వదిలి పట్నం పోలేని తమ్ముడికి, తన కాలేజీలో లెక్చరరే లేని సబ్జెక్టు చదవాలనుకునే చెల్లెలికి ఆన్‌లైన్ కోర్సు నిజంగా ఒక దారి. ఆ దారి మూసెయ్యమని మేము అడగడం లేదు. పాఠాన్ని పంపించేసి, పాఠం చెప్పేశాం అనుకుంటున్నారే, దాన్ని వ్యతిరేకిస్తున్నాం. తర్వాత పిల్లలు వెనకబడితే "వాళ్ళకి ఆసక్తి లేదు" అని చేతులు దులుపుకోవడాన్ని వ్యతిరేకిస్తున్నాం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఈ వ్యవహారం.

ముందు క్లాసు, తర్వాత టవరు

ఏది ముందు వచ్చిందో ఒకసారి చూడండి. 2017-18లో కేంద్ర గణాంక శాఖ చేసిన 75వ రౌండు సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఇది మొత్తం గ్రామాల లెక్క, రోడ్డు పక్క ఊర్లు కూడా అందులోనే ఉన్నాయి. 2020 మార్చిలో కరోనా వచ్చి హాస్టళ్ళు మూశారు, మనల్ని ఇళ్ళకి పంపారు, క్లాసులు ఫోన్లోకి మారాయి. సరే, అది ఆపద కాలం. కానీ ఆపద పోయాక కూడా ఆన్‌లైన్ ఆగలేదు, రూలుగా మారింది. స్వయం పోర్టల్ కోర్సుల ద్వారా సెమిస్టర్‌లో 20 శాతం దాకా ఉన్న పరిమితిని యూజీసీ 2021లో 40 శాతానికి పెంచింది.

మరి మన ఊర్లకి సిగ్నల్ సంగతి? దేశంలో 4జీ అందని 24,680 ఊర్లకి టవర్లు వేసే పథకాన్ని కేంద్ర కేబినెట్ ఆమోదించింది 2022 జూలైలో. అంటే ఫోన్లో చదువుకోండి అని ముందు చెప్పి, ఫోన్ పనిచెయ్యని ఊర్లు ఇన్ని వేలు ఉన్నాయని తర్వాత ఒప్పుకున్నారు. ముందు క్లాసు, తర్వాత టవరు. ఈ మధ్యలో నష్టపోయిన బ్యాచ్‌ల గురించి ఎవరూ మాట్లాడరు.

అయితే మిత్రులారా, మన వాదన టవరు దగ్గరే ఆగిపోకూడదు. ఇప్పుడు చాలా ఊర్లకి టవర్లు వచ్చాయి, ఇంకా వస్తాయి. టవరు వచ్చిన ఊర్లో కూడా పిల్లలు క్లాసులో ఉండలేకపోతున్నారు. ఎందుకు? టవరు సిగ్నల్ ఇస్తుంది, పాఠం చెప్పదు.

"రీల్స్‌కి నెట్ ఉంటుంది, క్లాసుకి ఉండదా?"

ఈ మాట వినని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. నలుగురిలో అడుగుతారు, అందరూ నవ్వుతారు, మనం తల దించుకుంటాం. ఇక తల దించుకోవాల్సిన పని లేదు. జవాబు ఉంది.

రీల్ చిన్నదిగా ఉంటుంది. మధ్యలో ఆగితే సిగ్నల్ వచ్చాక అక్కడి నుంచే ఆడుతుంది. రాత్రి పదకొండుకి చూసినా, తెల్లారి ఐదింటికి చూసినా అదే రీల్. మనం దానికి తిరిగి ఏమీ పంపక్కర్లేదు. లైవ్ క్లాసు అలా కాదు. పది గంటల క్లాసు పదింటికే. గంటసేపు సిగ్నల్ తెగకుండా ఉండాలి. కెమెరా, మైకు ఆన్ చెయ్యమంటే మన వైపు నుంచి కూడా డేటా పైకి వెళ్ళాలి, బలహీనమైన సిగ్నల్‌లో ముందు చచ్చిపోయేది అదే. క్వాలిటీని బట్టి గంట వీడియో క్లాసు కొన్ని వందల ఎంబీ తింటుంది. రోజుకి నాలుగు క్లాసులంటే రోజు ప్యాక్ సాయంత్రానికల్లా ఖాళీ. అది కూడా ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ మీద, ముగ్గురు పిల్లలకి.

అంటే రీల్స్ చేసేవాళ్ళు మన సిగ్నల్‌ని, మన సమయాన్ని, మన ఫోన్‌ని లెక్కలోకి తీసుకుని తయారు చేశారు. క్లాసు తయారు చేసేవాళ్ళు ఏదీ లెక్కలోకి తీసుకోలేదు. ఈ పోలికలో సిగ్గుపడాల్సింది ఎవరు?

ఒక చిన్న లెక్క చెప్తాం, మీ లెక్చరర్లకి కూడా చెప్పండి. మాట స్పష్టంగా వినబడేలా 32 కేబీపీఎస్‌లో రికార్డు చేస్తే గంట పాఠం ఆడియో సుమారు 14 ఎంబీ. దానికి తోడు బోర్డు మీద రాసిన పది పేజీల ఫోటోలు, ఇంకో నాలుగైదు ఎంబీ. మొత్తం 20 ఎంబీ లోపే. వీడియో ఆడని చోట ఇది దిగుతుంది, ఒకసారి దిగితే పదిసార్లు వినొచ్చు, బ్లూటూత్‌లో పక్క ఊరి స్నేహితుడికి ఇవ్వొచ్చు. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. చెయ్యాలనే ఆలోచన ఉంటే చాలు.

మౌనంగా ఉన్నారంటే ఆసక్తి లేదని కాదు

"కెమెరా ఆన్ చెయ్యరు, ప్రశ్న అడిగితే పలకరు" అంటారు. కెమెరా వెనక ఏముందో తెలుసా? ఒకే గది ఇల్లు. వెనక అమ్మ పొయ్యి మీద వంట, పక్కన జ్వరంతో పడుకున్న తాత, కోళ్ళు, చిన్నపిల్లలు. మన ఇల్లు మనకి సిగ్గు కాదు. కానీ దాన్ని ఎనభై మందికి చూపించాలా వద్దా అన్నది మన ఇష్టం. అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. ఫోన్ అన్న చేతిలో ఉంటుంది, నీళ్ళు తెచ్చే పని చెల్లెలి చేతిలో ఉంటుంది. క్లాసు టైముకి రెండూ చేతులు మారవు.

ఇక భాష. మన ఇళ్ళలో కువి మాట్లాడతాం, కోయ మాట్లాడతాం, గోండి, కొలామి, సవర, ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. బడికి వచ్చాక తెలుగు నేర్చుకున్నాం. డిగ్రీకి వచ్చేసరికి ఇంగ్లీషు. ఆంధ్రలో అయితే 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. క్లాసు రూములో అయితే అర్థం కాని మాట పక్కవాడిని గొణిగి అడుగుతాం. సారు మన మొహం చూసి మళ్ళీ చెప్తారు. ఫోన్లో పక్కవాడు లేడు, మొహం కనబడదు. మూడో భాషలో, తప్పు మాట్లాడితే ఎనభై మంది వింటారన్న భయంతో, పది సెకన్లలో జవాబు చెప్పమంటే ఎవరు చెప్తారు? ఆ మౌనాన్ని మార్కుల్లో సున్నా వెయ్యడం పాఠం చెప్పడం కాదు.

ఇది మన ఒక్కళ్ళ సమస్యే అనుకోకండి. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఎడెక్స్ కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో ఆ కోర్సుల్లో చేరినవాళ్ళలో పూర్తి చేసినవాళ్ళు 3 శాతం చిల్లర. ఊరికే చూద్దామని చేరినవాళ్ళు కూడా అందులో ఉంటారు, నిజమే. కానీ డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్ళలో కూడా సగానికి పైగా పూర్తి చెయ్యలేదు. ప్రపంచంలో పేరున్న యూనివర్సిటీలు, మంచి వీడియోలు, మంచి నెట్. అయినా ఇదీ పరిస్థితి. మరి వాళ్ళందరికీ ఆసక్తి లేదా? వాళ్ళు మధ్యలో ఆపితే "కోర్సు డిజైన్ సరిగా లేదు" అని పరిశోధనలు చేస్తారు. మనం ఆపితే మాత్రం "ఏజెన్సీ పిల్లలు అంతే" అంటారు. ఈ రెండు నాల్కల ధోరణి మనం ఒప్పుకోకూడదు.

తెలియక కాదు, చెయ్యక

పాఠం దూరం నుంచి చెప్పడం కొత్త విద్య ఏమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన తెలుగు నేల మీదే 1982లో పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అప్పట్లో ఇంటర్నెట్ లేదు. పుస్తకాలు పోస్టులో పంపారు. కానీ పుస్తకం పంపితే చదువు అయిపోతుంది అనుకోలేదు. స్టడీ సెంటర్లు పెట్టారు, కాంటాక్ట్ క్లాసులు పెట్టారు, సందేహం అడగడానికి ఒక మనిషిని కూర్చోబెట్టారు. దూరం నుంచి చదివేవాడికి దగ్గరలో ఒక మనిషి కావాలి అని 40 ఏళ్ళ క్రితమే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు ఫోన్ వచ్చింది కదా అని ఆ మనిషిని తీసేశారు.

స్వయం కోర్సుల నిబంధనలు చూసినా ఇదే ఉంటుంది. ప్రతి కోర్సులో నాలుగు భాగాలు ఉండాలి: వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, తనని తాను పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు తీర్చుకునే చర్చా వేదిక. మనవాళ్ళలో ఎంతమందికి ఆ నాలుగో భాగం అందింది? ఎన్ని సందేహాలకి జవాబు వచ్చింది? వీడియో ఒక్కటి చూపించి కోర్సు అయిపోయింది అంటే, నాలుగు కాళ్ళ మంచాన్ని ఒక్క కాలు మీద నిలబెట్టినట్టే. ఆ మంచం మీద మనల్ని పడుకోమంటున్నారు, పడిపోతే మనదే తప్పంటున్నారు.

భాష సంగతికి వస్తే చరిత్ర ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అటు ఆదిలాబాద్ గోండుల మధ్య, కుమ్రం భీం అమరుడైన మూడేళ్ళకి, 1943లో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. హైమండార్ఫ్ పూనుకుని గోండిలో వాచకాలు తయారు చేయించారు, గోండు యువకులనే పంతుళ్ళుగా తయారు చేయించారు. నెట్ లేని, కరెంటు లేని రోజుల్లో జరిగిన పని ఇది. ఇప్పుడు వాయిస్ రికార్డు చెయ్యడానికి ఒక బటన్ నొక్కితే చాలు, అయినా కోయలో పది నిమిషాల వివరణ దొరకదు. మనలో డిగ్రీలు, పీజీలు చేసి ఖాళీగా ఉన్న అన్నలు, అక్కలు ఎంతమంది లేరు? వాళ్ళకి గౌరవ వేతనం ఇచ్చి ట్యూటర్లుగా పెట్టుకోవడానికి ఏం అడ్డం?

సంత లెక్కన పాఠం

"మరి ఎలా చెప్పాలో మీరే చెప్పండి" అని అడుగుతారు. చెప్తాం.

మన జీవితం వారం లెక్కన నడుస్తుంది. వారానికి ఒక సంత. సంత జరిగే చోట సాధారణంగా సిగ్నల్ ఉంటుంది, రీఛార్జ్ షాపు ఉంటుంది, జెరాక్స్ షాపు ఉంటుంది, పది ఊర్ల పిల్లలు కలుస్తారు. కాబట్టి పాఠం కూడా వారం లెక్కన ఇవ్వండి. వారానికి ఒక యూనిట్ ఒకే ప్యాకెట్‌గా: ఆడియో, ఫోటోలు, నాలుగు ప్రశ్నలు. సంత రోజు దించుకుంటాం, వారమంతా వింటాం, మళ్ళీ సంతకి జవాబులు పంపుతాం. రాత్రి 11:59కి గడువు పెట్టి పోర్టల్ మూసెయ్యకండి. గడువులో కనీసం ఒక సంత రోజు పడాలి. ఎన్‌పీటెల్ కోర్సులు వారానికి ఒక భాగం, వారానికి ఒక అసైన్‌మెంట్ పద్ధతిలోనే నడుస్తున్నాయి. కాబట్టి ఇది జరగని పని కాదు.

పాఠం మొదట్లోనే ఒక ప్రశ్న వెయ్యండి, ఆ ప్రశ్న మా జీవితంలోంచి రావాలి. స్టాటిస్టిక్స్‌లో సగటు చెప్పేటప్పుడు నాలుగు సంతల్లో చింతపండు ధర రాసుకు రమ్మనండి. ఎకనామిక్స్‌లో జీసీసీ కొనే ధరకీ, దళారి కొనే ధరకీ తేడా ఎందుకో అడగండి. బోటనీలో అడ్డాకు, ఇప్ప, కరక్కాయ చెట్ల గురించి అవ్వని అడిగి రమ్మనండి. పొలిటికల్ సైన్స్‌లో ఐదో షెడ్యూలు, 1/70 చట్టం, 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. మా ఇంట్లో ఉన్న పోడు పట్టా కాగితం మీద ఏం రాసి ఉందో చదివి చెప్పమనండి. అప్పుడు చూడండి ఎవరికి ఆసక్తి లేదో. ఆసక్తి విద్యార్థి సంచిలో పెట్టుకు తెచ్చుకునే వస్తువు కాదు. పాఠానికీ బతుక్కీ ముడి పడిన చోట పుడుతుంది. ఆ ముడి వెయ్యడమే పాఠం చెప్పేవాళ్ళ పని.

జవాబు టైపు చెయ్యమనకండి, నిమిషం వాయిస్ మెసేజ్ తీసుకోండి. తెలుగులో చెప్పినా, తెలుగూ కోయా కలిపి చెప్పినా తీసుకోండి. పరీక్ష నాటికి ఇంగ్లీషులో రాయడం అలాగే మెల్లగా వస్తుంది. ఎనభై మంది గ్రూపులో కాకుండా, దగ్గర దగ్గర ఊర్ల వాళ్ళు ఏడెనిమిది మందిని ఒక జట్టు చెయ్యండి. ఎనభై మందిలో నోరు విప్పనివాడు ఎనిమిది మందిలో విప్పుతాడు. అడిగిన ప్రశ్నకి వచ్చే సంత లోపు జవాబు ఇవ్వండి. సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో ప్రతి విద్యార్థికీ ఒక్కసారి ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా, పాఠం దిగుతోందా?" అని అడగండి. మన పేరు తెలిసిన ఒక మనిషి అవతల ఉన్నాడని తెలిస్తే గుట్ట ఎక్కి అయినా పాఠం దించుకుంటాం.

"మీ కోసం నాణ్యత తగ్గించాలా?" అని కొందరు అంటారు. ఎక్కడ తగ్గించమన్నాం? సిలబస్ అదే ఉంచండి, పరీక్ష అదే పెట్టండి. ప్రశ్నకి జవాబు ఇవ్వడం, వెనకబడినవాడిని పలకరించడం, పాఠాన్ని జీవితానికి కలపడం ఇవన్నీ నాణ్యత కిందకే వస్తాయి. రికార్డింగ్ లింకు పడేసి వెళ్ళిపోవడం ఎప్పటి నుంచి నాణ్యత అయ్యింది?

లెక్చరర్ల మీద మాకు కోపం లేదు. వాళ్ళలో చాలామంది కాంట్రాక్టు, గెస్ట్ ఉద్యోగులు. వాళ్ళకీ జీతం నెలల తరబడి రాదు, వందల మందిని ఒక్కరికి అప్పగిస్తారు. అంతమందికి ఫోన్ చెయ్యమంటే ఎవరైనా ఏం చేస్తారు? ఆన్‌లైన్ అంటే ఖర్చు తగ్గించే మార్గం అనుకునే పై వాళ్ళతోనే మన పేచీ. భవనం ఖర్చు తగ్గింది, హాస్టల్ ఖర్చు తగ్గింది, ఆ భారం మాత్రం మన డేటా ప్యాక్ మీదకి, మన అమ్మల కూలి డబ్బుల మీదకి వచ్చింది. దీనికి తోడు స్కాలర్‌షిప్‌కి 75 శాతం హాజరు కావాలి. సిగ్నల్ పోతే హాజరు పోతుంది, హాజరు పోతే స్కాలర్‌షిప్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతే చదువే పోతుంది. అంటే ఒక పిల్ల చదువు ఉంటుందా పోతుందా అన్నది నెట్‌వర్క్ గీతల మీద ఆధారపడి ఉంది. ఇది న్యాయమా?

మన డిమాండ్లు

1. లాగిన్ టైముని హాజరుగా లెక్కించడం ఆపాలి. వారం పాఠం విని జవాబు పంపితే హాజరు ఇవ్వాలి. నెట్‌వర్క్ కారణంగా పోయిన హాజరుతో ఎవరి స్కాలర్‌షిప్పూ ఆపకూడదు.

2. ప్రతి లైవ్ క్లాసుకీ తక్కువ సైజు ఆడియో, నోట్సు తప్పనిసరిగా ఇవ్వాలి. కెమెరా ఆన్ చెయ్యమని బలవంతం చెయ్యకూడదు.

3. ఐటీడీఏ యూత్ ట్రైనింగ్ సెంటర్లు, గ్రామ సచివాలయాలు, రైతు వేదికలు, హాస్టళ్ళలో సాయంత్రాలు, సంత రోజుల్లో స్టడీ సెంటర్లు నడపాలి. వైఫై, ప్రింటరు, ఒక ట్యూటరు ఉండాలి. అమ్మాయిలు భయం లేకుండా వచ్చి వెళ్ళే వేళలు పెట్టాలి.

4. ప్రతి 30 మందికి ఒక ట్యూటర్ ఉండాలి. ఆ ప్రాంతపు భాష వచ్చిన ఆదివాసీ పట్టభద్రులకే ఆ పని ఇవ్వాలి, నెల నెలా వేతనం ఇవ్వాలి.

5. ఏప్రిల్, మే నెలల్లో ఊర్లన్నీ తునికాకు పనుల్లో ఉంటాయి. ఆ సీజన్ చూసుకుని అసైన్‌మెంట్ల తేదీలు పెట్టాలి.

ఇవి దానం కాదు, దయ కాదు. ఫీజు మన పేరు మీద ప్రభుత్వం నుంచి కాలేజీకి వెళ్తోంది. దానికి తగ్గ పాఠం అడగడం మన హక్కు.

మనం చెయ్యాల్సింది కూడా ఉంది. పాఠం దిగిన ఫోన్ ఉన్నవాళ్ళు దాన్ని పక్క ఊరికి పంచండి. సీనియర్లు సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు వారానికి ఒక సాయంత్రం జూనియర్లతో కూర్చోండి. అర్థమైన పాఠాన్ని మన భాషలో ఐదు నిమిషాలు రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. క్లాసు పోయిన ప్రతిసారీ తేదీ, టైము, కారణం ఒక నోటు పుస్తకంలో రాయండి. రేపు ప్రిన్సిపాల్ ముందు, ఐటీడీఏ పీవో ముందు కూర్చున్నప్పుడు "నెట్ లేదు సార్" అంటే వినరు. తేదీలతో రాసిన కాగితం పెడితే వింటారు. ఆ కాగితం మీద పది మంది సంతకాలు ఉంటే ఇంకా బాగా వింటారు.

ఈసారి ఎవరైనా "మీకు ఆసక్తి లేదు" అంటే మౌనంగా ఉండకండి. "మీరు చెప్పిన పాఠం మా ఊరి దాకా వచ్చిందా సార్?" అని మర్యాదగా, గట్టిగా అడగండి. ఈ పోస్టుని మీ కాలేజీ గ్రూపుల్లో పెట్టండి. డిమాండ్లని తెల్లకాగితం మీద రాసి, సంతకాలు చేసి, వచ్చే వారం లోపు మీ ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.

జై ఆదివాసీ! జోహార్!